మార్కులు పేపర్‌కా, జర్నల్‌కా?

సంపాదకులకు నమస్కారం.

నియామకాల్లో, పదోన్నతుల్లో అధ్యాపకుల పరిశోధన పేపర్లు ఏ జర్నల్స్‌లో వస్తే లెక్కలోకి తీసుకోవాలో చెప్పే కేర్ జాబితాను విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2025 ఫిబ్రవరిలో ఎత్తేసింది. ఇక ఆ నిర్ణయం విశ్వవిద్యాలయాలదే. మంచిదే. కానీ స్టాఫ్ రూముల్లో అప్పుడే ‘ఇక స్కోపస్ (ఎంపిక చేసిన జర్నల్స్‌ను చేర్చే అంతర్జాతీయ సూచీ) ఉంటేనే లెక్క’ అన్న మాట నడుస్తోంది. ఆ జాబితా పోయి ఈ జాబితా వస్తే ఒరిగేదేమిటి?

2018 యూజీసీ నిబంధనల పట్టిక చూడండి. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఒకటిలోపు ఉంటే పేపర్‌కు 10 మార్కులు, రెండుకూ ఐదుకూ మధ్య 20, పది దాటితే 30. అంతకుముందు రెండేళ్లలో ఆ జర్నల్‌లో వచ్చిన వ్యాసాలను ఒక ఏడాదిలో సగటున ఎన్నిసార్లు ఉదహరించారన్నదే ఈ ఇంపాక్ట్ ఫ్యాక్టర్. సగటుతో వచ్చే చిక్కు తెలిసిందే. ‘యాక్టా క్రిస్టలోగ్రాఫికా ఎ’ అనే స్ఫటికశాస్త్ర జర్నల్‌కు 2008లో ఇది రెండు చిల్లర. మరుసటేడు దాదాపు 50! ఆ రంగంలో అందరూ వాడే సాఫ్ట్‌వేర్ గురించి షెల్‌డ్రిక్ రాసిన ఒకే ఒక్క వ్యాసాన్ని వేలసార్లు ఉదహరించడమే కారణం. మన పట్టికతో కొలిస్తే అందులో అచ్చయిన పక్క పేపర్‌కు కూడా 20 బదులు 30 వచ్చేస్తాయి. అది రాసినవాళ్లు అదనంగా చేసిందేమీ లేదు.

తెలుగు శాసనాల మీద, మన పల్లెల నీటి సమస్య మీద తెలుగులో రాసేవాళ్ల గతి ఇంకా అన్యాయం. అవి అచ్చయ్యే జర్నల్స్‌కు చాలావరకు ఇంపాక్ట్ ఫ్యాక్టరే ఉండదు. స్థానిక అవసరాలకు పనికొచ్చే పరిశోధనను కాపాడుకోవాలని 2015లోనే లైడెన్ మ్యానిఫెస్టో (పరిశోధనను అంకెలతో ఎలా కొలవాలో నిపుణులు రాసిన సూత్రాల పత్రం) చెప్పింది. వినేదెవరు?

అంకెలు అసలే వద్దనడం లేదు. అవి లేకపోతే సిఫారసులు రాజ్యమేలతాయి, అదీ చూశాం. అంకెలతో పాటు పేపర్ కూడా చదవాలి. ఇప్పుడు దరఖాస్తులో జర్నల్ పేరు, ఐఎస్ఎస్ఎన్ (జర్నల్ గుర్తింపు) నంబరు, ఇంపాక్ట్ ఫ్యాక్టర్, కోరే మార్కులు అని గళ్లుంటాయి. ఏం కనుక్కున్నారో రాసే గడి మాత్రం ఉండదు. డబ్బు కడితే పేపర్ వేసే జర్నల్స్‌కు గిరాకీ ఊరికే వచ్చిందా? హైదరాబాద్ మూలాలున్న ఒక ప్రచురణ సంస్థ ఇలాంటి వ్యవహారంలోనే 5 కోట్ల డాలర్లకు పైగా కట్టాలని 2019లో అమెరికా కోర్టు తీర్పిచ్చింది.

రెండు తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు వచ్చే నియామకాల్లోపు ఆ దరఖాస్తు ఫారం మార్చాలి. అభ్యర్థి తన మూడు మంచి పేపర్లు ఇవ్వాలి. ఒక్కోదానిలో కొత్త సంగతేమిటో అరపేజీలో, తెలుగులోనో ఇంగ్లిషులోనో, రాయాలి. కమిటీ వాటిని ముందే చదివి, ఇంటర్వ్యూలో వాటి మీదే ప్రశ్నలు వేయాలి. చదివే తీరిక లేని సభ్యుల్ని కమిటీలో వేయనక్కర్లేదు.

- ఒక డిగ్రీ కళాశాల రసాయనశాస్త్ర అధ్యాపకుడు, విజయనగరం