తెలుగు కీక్యాప్‌లు కావాలి

ఎడిటర్ గారికి,

ఒంగోలులో డీటీపీ పని చేసే మాకు రోజంతా కీబోర్డుతోనే బతుకు. ఈమధ్య ఇంట్లోనే మెకానికల్ కీబోర్డు (ప్రతి కీకి విడి స్విచ్ ఉండేది) బిగించుకున్నాను. హాట్‌స్వాప్ బోర్డు, అంటే స్విచ్‌లు ఊడదీసి మళ్లీ పెట్టుకోగలిగేది, తీసుకుంటే సోల్డరింగ్ అక్కర్లేదు, స్విచ్ కాళ్లు వంగకుండా తిన్నగా పెట్టి నొక్కితే చాలు, ఒక కీ పోతే ఆ ఒక్క స్విచ్ లాగి మార్చుకోవచ్చు, మామూలు కీబోర్డైతే మొత్తం పారేయాల్సిందే. స్పేస్‌బార్ గలగల మాత్రం, దాన్ని సమంగా దిగేలా చేసే స్టెబిలైజర్ తీగకు గ్రీజు పూశాకే తగ్గింది.

కానీ తెలుగు అక్షరాల కీక్యాప్‌లు (కీల పైతొడుగులు) ఇక్కడి షాపుల్లో అడిగితే లేవంటున్నారు! ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డు అమరిక 1991 నుంచి బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణంలో ఉంది, కె మీద క, ఎల్ మీద త. అయినా నేర్చుకునే పిల్లలకు స్టిక్కర్లే గతి, అవి చెమటకు అంచులు లేచి ఊడిపోతాయి. ఒంగోలు, నెల్లూరు పాలిటెక్నిక్‌లలో ఈ కీబోర్డు బిగింపును ప్రాక్టికల్‌గా నేర్పించాలి, తయారీదారులు తెలుగు సెట్ తేవాలి.

– ఒక డీటీపీ ఆపరేటర్, ఒంగోలు