‘వస్తానన్నాడు’లోనే ఉంది చిక్కు

సంపాదకులకు నమస్కారం.

ఇంగ్లిష్‌లో డైరెక్ట్ స్పీచ్‌ని (ఒకరన్న మాటను ఉన్నదున్నట్టు కోట్స్‌లో చెప్పడం) ఇన్‌డైరెక్ట్ స్పీచ్‌లోకి (అదే మాటను మన వాక్యంలో చేరవేయడం) మార్చడం మీద మీ విద్యా పేజీలో పాఠం వచ్చినప్పుడల్లా ఒక పట్టిక ఉంటుంది. ఎడమ వైపు ‘ఈజ్, విల్, టుడే, హియర్’, కుడి వైపు ‘వజ్, వుడ్, దట్ డే, దేర్’. పట్టికలో తప్పు లేదు. కానీ దాన్ని కంఠతా పట్టిన పిల్లలు కూడా ‘హీ సెడ్ దట్ ఐ విల్ కమ్’ అని రాస్తూనే ఉన్నారు. ఆ తప్పు ఇంగ్లిష్ రాక చేసింది కాదు, తెలుగు బాగా వచ్చి చేసింది. పాఠం అక్కడి నుంచి మొదలుపెట్టాలని మనవి.

మనం ‘వస్తానన్నాడు’ అంటాం. విడదీస్తే ‘వస్తాను’, ‘అన్నాడు’. ‘వస్తాను’ చివర ఉన్న ‘ను’, ‘నేను’ అన్నవాడిది. చెబుతున్నది వేరే మనిషి గురించి అయినా, అతని నోట్లోని ‘నేను’ క్రియకు అంటుకుని అలాగే ఉండిపోయింది. కాలమూ కదల్లేదు. నిన్న అన్నా పదేళ్ల కిందట అన్నా ‘వస్తానన్నాడు’ అనే చెబుతాం. బడిలో నేర్పే పరోక్ష కథనంలో కూడా ‘రాము తాను వస్తానని అన్నాడు’ అని రాస్తాం. ‘నేను’ ‘తాను’ అయింది గానీ క్రియ చెక్కుచెదరలేదు. ఇంగ్లిష్ ఇందుకు ఒప్పుకోదు. అక్కడ మాట ఎవరిదైనా, దాన్ని ఇప్పుడు మనకు చేరవేస్తున్న మనిషి నిలబడిన చోటు నుంచి వాక్యం మొత్తాన్ని మళ్లీ కట్టాలి. అందుకే ‘ఐ’ కాస్తా ‘హీ’ అవుతుంది, ‘విల్’ ‘వుడ్’ అవుతుంది.

ప్రశ్నల దగ్గరా ఇదే చిక్కు. ‘ఎక్కడికి వెళ్తున్నావని అడిగాడు’ అనే వాక్యంలో ‘వెళ్తున్నావు’ అలాగే ఉంది. అదే అలవాటుతో ‘హీ ఆస్క్‌డ్ మీ వేర్ ఆర్ యు గోయింగ్’ వస్తుంది. ఇక్కడ రాయాల్సింది ‘హీ ఆస్క్‌డ్ మీ వేర్ ఐ వజ్ గోయింగ్’. ప్రశ్న మాయమై మామూలు వాక్యం మిగలాలి: ముందు కర్త, తర్వాత క్రియ, చివర ఫుల్‌స్టాప్. ‘వస్తావా’లోని దీర్ఘం తెలుగులో ప్రశ్న పని చేస్తుంది. ఇంగ్లిష్‌లో ఆ పనికి ‘ఇఫ్’ గానీ ‘వెదర్’ గానీ పెట్టాలి. మన ‘అని’కి అలవాటుపడి అక్కడ ‘దట్’ పెట్టేస్తుంటారు. ‘ఆస్క్‌డ్ దట్’ కుదరదు, ‘ఆస్క్‌డ్ దట్ ఇఫ్’ అసలే కుదరదు.

ఆజ్ఞల విషయంలో మాత్రం తెలుగే దారి చూపిస్తుంది. ‘కూర్చో’ అన్న మాటను మనం ‘కూర్చోమన్నాడు’ (కూర్చోమని అన్నాడు) అని చేరవేస్తాం. ఆ ‘మని’ ఉన్న చోటల్లా ఇంగ్లిష్‌లో ‘టు’ వస్తుంది: ‘హీ టోల్డ్ మీ టు సిట్’. ‘వెళ్లొద్దన్నాడు’ అయితే ‘నాట్ టు గో’. ‘డోంట్ టు గో’ అని రాసేవాళ్లకు ఈ ఒక్క పోలిక చూపిస్తే చాలు. ‘సెడ్’, ‘టోల్డ్’ తేడా కూడా ఇలాగే తేలుతుంది. ‘అన్నాడు’కి ఎవరితో అన్నాడో చెప్పకపోయినా వాక్యం నిలబడుతుంది, అది ‘సెడ్’. ‘టోల్డ్’ పక్కన మనిషి ఉండి తీరాలి. ‘హీ టోల్డ్ దట్’, ‘హీ సెడ్ మీ’ రెండూ తప్పే.

సర్వనామాలకు కోచింగ్ పుస్తకాల్లో ‘ఎస్ ఓ ఎన్, 1 2 3’ అనే గుర్తు ఉంటుంది. ఫస్ట్ పర్సన్ కోట్స్ బయటి కర్తను (సబ్జెక్ట్) బట్టి, సెకండ్ పర్సన్ బయటి కర్మను (ఆబ్జెక్ట్) బట్టి మారతాయి, థర్డ్ పర్సన్ మారదు (నో చేంజ్). గుర్తు పనికొచ్చేదే. కానీ ఫస్ట్ పర్సన్‌ని ‘ప్రథమ పురుష’ అని తెలుగు చేస్తే పిల్లలు గల్లంతవుతారు. తెలుగు వ్యాకరణంలో ప్రథమ పురుష అంటే వాడు, ఆమె, అది. నేను, మేము ఉత్తమ పురుష. వివరణ తెలుగులో ఇచ్చేటప్పుడు దయచేసి ఇది సరిచూడండి.

కాలాన్ని తెలిపే మాటల దగ్గర పట్టిక నిజంగానే దారి తప్పిస్తుంది. ‘టుమారో’ ఎప్పుడూ ‘ద నెక్స్ట్ డే’ అవ్వాలని లేదు. సోమవారం ఒకతను ‘ఐ విల్ కమ్ టుమారో’ అన్నాడనుకుందాం. ఆ సాయంత్రమే ఇంకొకరికి చెబితే ‘టుమారో’ అలాగే ఉంటుంది, ‘విల్’ ఉంచినా తప్పు కాదు. మంగళవారం చెబితే అది ‘టుడే’. గురువారం చెబితే ‘ద నెక్స్ట్ డే’ లేదా ‘ఆన్ ట్యూస్‌డే’. ‘హియర్’ కూడా అంతే. అదే గదిలో నిలబడి చెబుతుంటే ‘దేర్’ ఎందుకవుతుంది?

ఒక్క వాక్యాన్ని నింపాదిగా మార్చి చూద్దాం: ‘షి సెడ్ టు మీ, “కెన్ యు రిటర్న్ మై బుక్ టుమారో?”’ ముందు వాక్యం రకం చూడాలి. అవునో కాదో అడిగే ప్రశ్న, కాబట్టి ‘సెడ్ టు మీ’ పోయి ‘ఆస్క్‌డ్ మీ ఇఫ్’ వస్తుంది. తర్వాత మనుషులు: ‘యు’ నేనే, అది ‘ఐ’. ‘మై’ ఆమెది, ‘హర్’. ఆ తర్వాతే కాలం: ‘కెన్’ ‘కుడ్’ అవుతుంది, ‘ఐ’ తర్వాత కూర్చుంటుంది. చాలామంది కాలాన్ని ముందు మార్చి ‘కుడ్ ఐ’ దగ్గర ఆగిపోతారు. చివరికి ‘షి ఆస్క్‌డ్ మీ ఇఫ్ ఐ కుడ్ రిటర్న్ హర్ బుక్ ద నెక్స్ట్ డే’. అయితే ఆమె అడిగింది నా శక్తి గురించి కాదు, పుస్తకం ఇవ్వమని. అందుకే ‘షి ఆస్క్‌డ్ మీ టు రిటర్న్ హర్ బుక్ ద నెక్స్ట్ డే’ కూడా సరైన జవాబే. జవాబుల పట్టీలో రెండూ ఉండాలి.

‘మస్ట్’ గురించి ఒక హెచ్చరిక. ‘యు మస్ట్ గో’లో అది తప్పనిసరి, ‘హాడ్ టు’ అని మార్చవచ్చు. ‘హీ మస్ట్ బీ టైర్డ్’లో అది ఊహ. అలసిపోయి ఉంటాడన్న మాట ‘హాడ్ టు బీ టైర్డ్’ అని మారిస్తే అలసిపోక తప్పలేదన్నట్టుగా తయారవుతుంది. అక్కడ ‘మస్ట్’నే ఉంచాలి. ‘వుడ్, కుడ్, మైట్, షుడ్’ సాధారణంగా మారవు. రిపోర్టింగ్ క్రియ (కోట్స్ బయట ఉండే ‘సెడ్’ లాంటి క్రియ) ‘సేస్’ అయితే లోపలి కాలాన్ని ముట్టుకోనక్కర్లేదు. భూమి సూర్యుడి చుట్టూ తిరగడం లాంటి నిత్య సత్యాలను వర్తమానంలోనే ఉంచవచ్చు. ఆశ్చర్యార్థకాలకు ‘ఎక్స్‌క్లెయిమ్‌డ్ విత్ జాయ్’ అని రాయించడం పరీక్షలకు తప్ప ఎక్కడా పనికిరాదు, దానికి అరపేజీ కేటాయించడం దండగ.

చివరిగా ఒక విన్నపం. ‘హీ సెడ్, “యు ఆర్ లేట్”’ అని ఇచ్చి మార్చమంటే ఆ ‘యు’ ఎవరు? నేనా, ఆమెనా, వాళ్లా? అది తెలియకుండా సరైన జవాబు ఒక్కటే అని మార్కులు కోయడం అన్యాయం. మీ పేజీలో ఇచ్చే ప్రతి అభ్యాసం పైన ఎవరు, ఎవరితో, ఎక్కడ అన్నారో, దాన్ని ఎవరు ఎప్పుడు చేరవేస్తున్నారో చెప్పే ఒక్క పంక్తి వేయించండి. స్థలం చాలకపోతే పది ప్రశ్నలకు బదులు ఆరే ఇవ్వండి.

భవదీయుడు,
ఒక ఇంగ్లిష్ ఉపాధ్యాయుడు