‘పోయాయి’ అని నేను రాసివ్వలేదు

మా స్టూడియోలో పాత ఫోటోలు బాగుచేయించుకోవడానికి ఇచ్చిన పదకొండు కుటుంబాలకు ఇప్పటికే ఫోను చేసి విషయం చెప్పాను. మిగతావారికి ఈ సంగతి ఎవరి నోటి ద్వారానో తెలియడం నాకు ఇష్టం లేదు. ఇరవై రెండేళ్లుగా మా దగ్గరకే వస్తున్న మీకు నేనే చెప్పాలి.

గత నెల ఒక శనివారం సాయంత్రం ఒక ఇంట్లో ఆల్బమ్ అప్పగించి కిందికి దిగేసరికి మా కారు వెనక తలుపు అద్దం పగిలి ఉంది. సీటు మీది సంచి లేదు. నేను పైన ఉన్నది ఇరవై నిమిషాలు. ఆ సంచిలో ఒక లెన్సు, ఒక హార్డ్ డిస్కు, పదకొండు కవర్లలో మీవి ముప్పై నాలుగు పాత ఫోటోలు ఉన్నాయి. సంచిని స్టూడియోలో దించి బయలుదేరాల్సింది. దించలేదు. ఆ తప్పు నాదే, దానికి మీ అందరికీ క్షమాపణ చెబుతున్నాను.

ఆ తర్వాత జరిగింది మాత్రం నా తప్పు కాదు.

మొదటి స్టేషన్‌లో రోడ్డుకు ఆ పక్క తమ పరిధి కాదన్నారు. రెండో స్టేషన్‌లో గంటన్నర కూర్చున్నాక అధికారి పిలిచారు. కారు చూడటానికి బయటకు రాలేదు. సంచి కారులో ఎందుకు వదిలారని మూడుసార్లు అడిగారు. ఆఖరికి ఒక తెల్ల కాగితం నా ముందుకు జరిపి, “సంచి పోయిందని రాసివ్వండి. ఇప్పుడే ముద్ర వేసి ఇచ్చేస్తాం. మీకు కావలసింది కాగితమే కదా” అన్నారు.

“పోలేదండీ, దొంగిలించారు. అద్దం పగలగొట్టి తీసుకెళ్లారు” అన్నాను.

“రెండూ ఒకటే” అన్నారు.

రెండూ ఒకటి కావు. మన భాషలో కరెంటు పోతుంది, పరువు పోతుంది, ప్రాణం పోతుంది. పోయినదాని వెనక ఎవరూ ఉండరు. దొంగిలించారు అంటే ఒక మనిషి ఉన్నాడని, అతన్ని వెతకాలని అర్థం. ఆ వెతికే పని లేకుండా చేయడానికే ఆ మాట మార్చమన్నారని ఆ కుర్చీలో కూర్చున్నప్పుడే నాకు అర్థమైంది.

నేను ఒప్పుకోకపోవడంతో వస్తువుల జాబితా రాయమని రైటర్ దగ్గరకు పంపారు. లెన్సు పేరు, కొన్న సంవత్సరం రాశాను. హార్డ్ డిస్కు రాశాను. ఫోటోల దగ్గర విలువ గడిలో ‘వెల కట్టలేనివి’ అని రాశాను. అధికారి ఆ కాగితం తీసుకుని చదివి, పెన్నుతో ఆ మాట కొట్టేసి, పైన ‘విలువ లేనివి’ అని రాశారు. కాగితం తిప్పి నాకు చూపించి, “పాత ఫోటోలే కదా, నువ్వే మళ్లీ ప్రింటు తీసి ఇచ్చేయ్” అన్నారు.

నన్ను నువ్వు అన్నందుకు బాధ లేదు. ఆ గీత మాత్రం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఆ కవర్లలో ఒకదానిలో 1960ల నాటి గుంపు ఫోటో ఒకటి ఉంది. వెండి లవణాలతో తయారైన ఆ కాలపు నలుపు తెలుపు ప్రింట్లలో ముదురు భాగాలు, ముఖ్యంగా అంచుల దగ్గర, ఏళ్లు గడిచేకొద్దీ నీలిరంగు వెండి మెరుపు తేలుతాయి. ఈ ఫోటోలో ఆ మెరుపు వెనక వరుస దాకా పాకింది. ఎడమ నుంచి నాలుగో అమ్మాయి ముఖం సగం దానిలో కలిసిపోయింది. ఏటవాలుగా వెలుగు పడేలా పట్టుకుంటే గానీ కన్ను, చెంప కనిపించవు. ఆ అమ్మాయి మా కస్టమర్ ఒకావిడ తల్లి. ఆమెకు ఉన్న తల్లి ఫోటో అదొక్కటే. దాన్ని విలువ లేనిదని ఒక మనిషి నా కళ్లెదుట రాస్తే నేను ఊరుకోలేకపోయాను. కాగితం తీసుకుని, సంతకం చేయకుండా బయటకు వచ్చేశాను.

ఆ కొట్టివేత వెనక ఒక లెక్క కూడా ఉందని తర్వాత తెలిసింది. మా దగ్గర పిల్లల ఫోటోలు తీయించుకునే ఒక న్యాయవాది వివరంగా చెప్పారు. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న కొత్త చట్టాల ప్రకారం, దొంగతనం జరిగిన సొత్తు విలువ 5,000 రూపాయల కంటే తక్కువైతే అది మేజిస్ట్రేటు ఆదేశం లేకుండా పోలీసులు దర్యాప్తు చేయడానికి వీల్లేని నేరం. ఫోటోలకు విలువ లేదని, హార్డ్ డిస్కు పాతదని, లెన్సుకు బిల్లు లేదని రాస్తే కేసు దానంతట అదే చిన్నదైపోతుంది. మూడేళ్ల నాటి లెన్సు బిల్లు కోసం ఆ రాత్రి నా భార్య రెండు బీరువాలు వెతికింది. దొరికింది.

ఇక నేను రెండు రోజులు నిద్రపోకుండా ఆలోచించిన విషయం. బిల్లు దొరికాక కూడా, ‘పోయింది’ అని రాసివ్వాలన్న కోరిక నాకు కలగలేదని చెబితే అబద్ధమవుతుంది. దొంగతనం కేసు అయితే వేలిముద్రల కోసం కారు స్టేషన్‌లోనే ఉంచాలని, ఎన్ని రోజులో చెప్పలేమని అధికారి అన్నారు. నెలాఖరుకు మూడు పెళ్లి ఆల్బమ్‌లు అందించాలి. ఆ కాగితం ఒక్కటి ఇచ్చేసి పని చూసుకుందామని నా భార్య అంది. కౌంటర్ దగ్గర మీ మాటలు వినేది తనే, తన భయం తప్పు కాదు.

అంతకంటే బరువైనది ఇంకొకటి ఉంది. ఫోటోలు నావి కావు. దొంగతనమని రాస్తే అవి ఎవరివో పేర్లతో సహా రాయాలి. రేపు పోలీసులు మీకు ఫోను చేయవచ్చు, వాంగ్మూలం అడగవచ్చు, కోర్టుకు పిలవవచ్చు. ఫోటో బాగుచేయమని ఇచ్చిన పాపానికి డెబ్బై ఎనిమిదేళ్ల మనిషిని స్టేషన్ మెట్లు ఎక్కించే హక్కు నాకు ఉందా? నా పంతం కోసం మిమ్మల్ని లాగుతున్నానా? ఈ ప్రశ్నను ఆదివారమంతా మోశాను. సోమవారం ఉదయం పదకొండు మందికీ ఫోను చేసి, మీ పేరు రాయనా వద్దా అని అడిగాను. తొమ్మిది మంది రాయమన్నారు. ఇద్దరు వద్దన్నారు. వారి పేర్లు రాయలేదు, ఎందుకని అడగలేదు కూడా. గుంపు ఫోటో ఇచ్చిన ఆవిడ మాత్రం నా ప్రశ్నకు జవాబు చెప్పకుండా, “మా అమ్మ ఫోటో దొరుకుతుందా బాబూ?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. కాసేపటికి ఆవిడే, “రాయి నాయనా” అన్నారు.

మంగళవారం ‘దొంగిలించారు’ అనే మాటతోనే రెండు పేజీల ఫిర్యాదు తీసుకెళ్లాను. తీసుకోలేదు. అదే రోజు మధ్యాహ్నం జిల్లా ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపాను. ఇది నా తెలివి కాదు, న్యాయవాది చూపిన దారి. ఆ కొత్త చట్టాల్లో ఒకటైన, ఫిర్యాదు నుంచి విచారణ దాకా పద్ధతి చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్ ఉంది. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని అది చెబుతుంది. అంటే మొదటి స్టేషన్‌వారు పరిధి కాదని పంపేయడమే తప్పు. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపవచ్చు, అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లవచ్చు. పోలీసులు నేరుగా దర్యాప్తు చేయదగిన నేరమని ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్ఐఆర్ నమోదు చేసి తీరాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లోనే లలితా కుమారి కేసులో చెప్పింది. ఈ సంగతులు శనివారం రాత్రి తెలిసి ఉంటే ఆ కుర్చీలో ఇంకోలా కూర్చునేవాడిని.

పదో రోజు సోమవారం స్టేషన్ నుంచి ఫోను వచ్చింది. కేసు కట్టారు. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇచ్చారు, చట్టం ప్రకారం అలాగే ఇవ్వాలి. కారు మీద వేలిముద్రలు తీయడానికి పట్టిన సమయం నలభై నిమిషాలు. అదే రోజు కారు ఇంటికి తెచ్చుకున్నాను.

కానీ ఆ పది రోజులు మనకు చాలా నష్టం చేశాయి. ఎదుటి దుకాణం కెమెరా మా కారు ఆగిన చోటునే చూస్తుంది. ఆదివారం ఆ యజమాని నన్ను లోపలికి పిలిచి రికార్డింగ్ చూపించారు. పొడుగు చేతుల చొక్కా మనిషి ఒకడు కారు పక్కన వంగాడు, సంచి తీశాడు, బండి వెనక కూర్చుని వెళ్లిపోయాడు. నకలు ఇవ్వడానికి ఆయన భయపడ్డారు, పోలీసులు అడిగితే ఇస్తానన్నారు. ఆ యంత్రంలో ఏడు రోజుల రికార్డింగే నిలుస్తుంది, ఆపైన పాతదాని మీద కొత్తది పడుతుంది. పోలీసులు అడిగేసరికి అది లేదు. మిగిలింది నేను ఫోనుతో తీసుకున్న తెర బొమ్మ. తెర గీతల వల్ల అందులో ముఖం తెలియదు, బండి నంబరు తెలియదు. ఎన్ని రకాలుగా ప్రయత్నించినా ఆ ముఖాన్ని నేను పైకి తేలేకపోయాను.

ఇక మీకు చెప్పవలసినవి. పదకొండు కవర్లలో ఏడింటిలోని ఫోటోలను ముందే స్కాన్ చేశాం. వాటిని బాగుచేసి, ఎక్కువ కాలం నిలిచే కాగితం మీద ప్రింటు తీసి, ఫైలుతో సహా ఇస్తాం. డబ్బు తీసుకోం. అసలు ఫోటోకు అది బదులు కాదని నాకు తెలుసు. మిగతా నాలుగు కుటుంబాల బంధువుల దగ్గర అదే ఫోటో మరో ప్రతి గానీ నెగటివ్ గానీ ఉంటే చెప్పండి, నేనే వచ్చి అక్కడే స్కాన్ చేసుకుంటాను. గుంపు ఫోటో ఈ నాలుగింటిలోనే ఉంది. ఆ వరుసలో నిలబడిన మిగతావారి పిల్లల కోసం ఆవిడతో కలిసి వెతుకుతున్నాను, ఇద్దరి ఆచూకీ తెలిసింది.

హార్డ్ డిస్కులో రెండు పెళ్లిళ్ల ఫైళ్లు ఉన్నాయి. వాటి నకళ్లు స్టూడియోలో భద్రంగా ఉన్నాయి. కానీ ఆ డిస్కుకు పాస్‌వర్డ్ పెట్టలేదు. ఆ రెండు కుటుంబాలకు ఈ మాట ముందే చెప్పాను. ఇప్పుడు అన్ని డిస్కులకూ పెట్టాం. ఇకమీదట అసలు ఫోటోలు స్టూడియో దాటి వెళ్లవు. మీ ఎదుటే స్కాన్ చేసి, అప్పుడే మీ చేతికి తిరిగి ఇస్తాం. పని పావుగంట ఆలస్యమవుతుంది, దయచేసి ఓర్చుకోండి.

ఆ తొమ్మిది మందిలో ఎవరికైనా స్టేషన్ నుంచి ఫోను వస్తే ముందు నాకు చెప్పండి. ఎక్కడికి రమ్మన్నా మీతో నేను వస్తాను.

విలువ గడిలో ఇప్పుడు ఏముందని కొందరు అడిగారు. ఎఫ్ఐఆర్‌తో పాటు నా ఫిర్యాదును జత చేశారు, అందులో ‘వెల కట్టలేనివి’ అనే ఉంది. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు పోలీసులు తెలియజేయాలి. ఆ తేదీని కౌంటర్ వెనక క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో చుట్టి పెట్టాను. ఆ రోజు స్టూడియో మధ్యాహ్నం తెరుస్తాం. ఉదయం నేను స్టేషన్‌లో ఉంటాను.