ఉప్పుకాగితం పట్టే ముందు

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య చిత్తూరు దగ్గరి ఒక పల్లె గుడిలో, ఉత్సవాల కోసమని పాత చెక్క గరుడ వాహనాన్ని కట్టె తేలేదాకా ఉప్పుకాగితంతో రుద్ది, దాని మీద ఎనామిల్ పెయింట్ వేస్తుండగా చూశాను. కింద రాలిన పెచ్చు ఒకటి ఏరి చూస్తే, అంచున ఎరుపు, దాని కింద ఆకుపచ్చ, అడుగున సుద్దపూత వరుసగా కనబడ్డాయి.

ఇలాంటి పాత పొరలు ఎంత చెప్పగలవో ఒక చైనా విగ్రహం చూపుతుంది. మన బౌద్ధుల కరుణామూర్తి అయిన బోధిసత్వుడు అవలోకితేశ్వరుడే చైనాలో గ్వాన్‌యిన్‌గా పూజలందుకున్నాడు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో సుమారు 1200 నాటి, జిన్ వంశ కాలపు గ్వాన్‌యిన్ చెక్క విగ్రహం ఉంది. చెక్కిననాడు నిండు రంగులద్దిన ఆ విగ్రహాన్ని, తర్వాతి మింగ్ వంశ కాలంలో బంగారు పూత పూసిన కంచు విగ్రహంలా కనబడేటట్టు మార్చేశారు. రంగుల పొరలను సూక్ష్మదర్శిని కింద పరీక్షించబట్టి ఈ సంగతి బయటపడింది; ముందే ఎవరైనా పూర్తిగా గీకేసి ఉంటే ఆ ఆధారమే మిగిలేది కాదు.

మళ్లీ రంగు వేయించడం తప్పని నా ఉద్దేశం కాదు, చైనాలోనూ అది పుణ్యకార్యమే. అక్కడి శిల్పులు తెల్లమట్టిని జిగురుతో కలిపి మెత్తి, ఆ పైన ఇంగిలీకం అనే ఖనిజపు ఎరుపు, రాతి నుంచి తీసిన ఆకుపచ్చ, నీలం అద్ది, బంగారు రేకు అతికించేవారు. పెద్ద విగ్రహాలను చాలావరకు చెక్క దిమ్మెలు జోడించి చేసి, లోపల తొలిచి, ఆ బోలులో బౌద్ధ సూత్రగ్రంథాలు, పవిత్ర వస్తువులు ఉంచి మూసేవారు. 985లో చైనాలోని తైజౌలో చెక్కించి, చోనెన్ అనే జపాన్ భిక్షువు తమ దేశానికి తీసుకెళ్లిన శాక్యముని బుద్ధుడి విగ్రహం క్యోటోలోని సెయిర్యోజీ ఆలయంలో ఉంది. 1950లలో దాని లోపల పరిశీలించగా, పట్టుబట్టతో కుట్టిన గుండె, పేగులు మొదలైన అవయవాలు దొరికాయి. మనం ప్రాణప్రతిష్ఠ అనే దానికి వాళ్లు సూదీదారం కూడా పట్టారన్నమాట!

శ్రీకాళహస్తి దగ్గర మాధవమాలలో తరతరాలుగా చెక్క విగ్రహాలు చెక్కే శిల్పులుండగా, వాహనాలను గోడలకు సున్నం వేసే వాళ్లకు అప్పగించడం నాకు మింగుడుపడదు. పని మొదలుపెట్టే ముందు అన్ని వైపులా ఫొటోలు తీయించి, ఊడిపోతున్న చోట మాత్రమే బాగుచేయించి, కనీసం రెక్క వెనుక అరచేతి మేర పాత పూతను గీకకుండా వదలమని ఆలయ కమిటీలను కోరుతున్నాను. నేను ఏరిన పెచ్చు కవరులో భద్రంగానే ఉంది. పాత రంగు ఏదో తెలుసుకోవాలని ఆ గుడి పెద్దలు అడిగితే ఇచ్చేస్తాను.

– ఒక విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు, చిత్తూరు