మీ సిస్టమ్‌లో మీడియా ప్లేయర్ తీసేసింది నేనే, మళ్ళీ వేసిస్తా

మన షాపులో సిస్టమ్ సర్వీసుకి ఇచ్చిన అన్నలకి, అక్కలకి, సార్లకి, మేడమ్‌లకి అందరికీ నమస్తే. కొర్లగుంటలో షాపు పెట్టినప్పటినుంచి మీరు నన్ను నమ్మి లాప్‌టాప్ చేతిలో పెట్టి పోతా ఉండారు, అందుకే ఈ మాట ఇంకొకరు చెప్పకముందే నేనే చెప్పాల.

పోయిన ఆరేడు నెలల్లో క్లీనింగ్‌కో ఫార్మాట్‌కో వచ్చిన ప్రతి సిస్టమ్‌లో, విండోస్‌తో పాటే వచ్చే మీడియా ప్లేయర్‌ని తీసేసి, వీఎల్‌సీ అనే ఇంకో ప్లేయర్ వేసి ఇచ్చినా. ఎవరినీ అడగలే. వీఎల్‌సీకి కావాల్సిన కోడెక్‌లు, అంటే రకరకాల ఆడియో, వీడియో ఫైళ్ళని చదివేవి, దాంట్లోనే ఉంటాయి, దాదాపు ఏ ఫైలైనా పాడుతుంది, మళ్ళీ ఇదొకటి ఎందుకు, 4 జీబీ ర్యామ్ లాప్‌టాప్‌లు కొంచెం స్పీడైనా అవుతాయిలే అనుకున్నా. తప్పు నాదే. ఆ ప్లేయర్ మనం ఓపెన్ చేయకపోతే ఊరికే పడి ఉంటుంది, వెనకాల తిరిగేది దాని నెట్‌వర్క్ షేరింగ్ సర్వీసు, అంతగా కావాలంటే సర్వీసెస్‌లోకి పోయి అదొక్కటి ఆపుంటే సరిపోయేది.

మొదట తెలిసింది చిత్తూరు నుంచి ఒక బయాలజీ మేడమ్ ఫోన్ చేసినప్పుడు. పొద్దున తొమ్మిదిన్నర, వెనక పిల్లల గోల వినిపిస్తా ఉంది. "నాయనా, గుండె కొట్టుకునే వీడియో స్లైడ్‌లో రావట్లేదు, డబ్బా ఉంది కానీ లోపల ఏం లేదు" అన్నారు. ఫైలు పోయిందేమో అనుకుని వీఎల్‌సీలో తెరిచి చూడమంటే బ్రహ్మాండంగా వచ్చింది. సాయంత్రం ఎనీడెస్క్‌లో, అంటే ఇక్కడినుంచే ఆమె సిస్టమ్ తెరిచి చూస్తే అప్పుడు అర్థమయింది, ఆ స్లైడ్లు ఎప్పుడో చేసుకున్నవి, పవర్‌పాయింట్ డెవలపర్ ట్యాబ్‌లోంచి విండోస్ మీడియా ప్లేయర్ కంట్రోల్‌నే స్లైడ్ మీద పెట్టి చేసినారు. ఆ స్లైడ్ వీఎల్‌సీని పిలవదు, ఆ ప్లేయర్‌నే పిలుస్తుంది, అది లేకపోతే డబ్బా ఖాళీ. ఆ పొద్దున ఆమె బోర్డు మీద సుద్దముక్కతో గుండె బొమ్మ గీసి క్లాసు నడిపినారంట. విజువల్ బేసిక్‌లో (వీబీ) రాసిన పాత సాఫ్ట్‌వేర్లలో వీడియో చూపించే కిటికీ ఉంటే వాటిది కూడా ఇదే కథ, మీ ఆఫీసులో అట్లాంటిది వాడతా ఉంటే ఒకసారి తెరిచి చూసుకోండి.

ఇంకొకరు నాదస్వరం నేర్పే పెద్దాయన. కారులో ఇంకా సీడీ ప్లేయరే, శిష్యుల కచేరీ రికార్డింగులన్నీ ఆడియో సీడీ కొట్టుకుని దారిలో వింటారు. ఆయనకి కంప్యూటర్లో వచ్చిన పనే అది, పాటలు కుడిపక్కకి లాగడం, బర్న్ నొక్కడం, ఎవరో నేర్పిస్తే కాగితం మీద వరసగా రాసి పెట్టుకున్నారు. లాప్‌టాప్ పట్టుకుని షాపుకి వచ్చి "ఈ ఆరెంజ్ టోపీ దాంట్లో బర్న్ యాడుంది నాయనా" అని వీఎల్‌సీ గుర్తు చూపించి అడిగితే నాకు నోట మాట రాలే, వీఎల్‌సీలో సీడీ బర్న్ చేసేదే లేదు. నాలుగు వారాలు ఆయన తనకే ఏదో చేతకావట్లేదని అనుకుంటా ఉన్నారు, అది నన్ను బాగా బాధపెట్టింది.

ఇదే సమయంలో ఒక అన్న వాళ్ళబ్బాయి జర్మనీ నుంచి తెచ్చిన లాప్‌టాప్ వచ్చింది, కెమెరా యాప్ పనిచేయదు, ఫోన్ కేబుల్ పెడితే ఫోటోలు కనపడవు. దాంట్లో నేనేం తీయలే, అది విండోస్ ఎన్ ఎడిషన్. 2004లో యూరోపియన్ కమిషన్ మైక్రోసాఫ్ట్‌కి 49 కోట్ల 70 లక్షల యూరోల ఫైన్ వేసి, మీడియా ప్లేయర్ లేని విండోస్ కూడా అమ్మాలని చెప్పింది, ఆ ఎన్ అప్పట్నుంచి వచ్చిందే. ఇప్పటి ఎన్‌లో ప్లేయర్ ఒక్కటే కాదు, దాని కింద ఉండి ఆడియో, వీడియో పనులు చూసే మీడియా ఫౌండేషన్ కూడా ఉండదు, అందుకే దెబ్బ ఇంకా పెద్దది. ఆప్షనల్ ఫీచర్స్‌లోంచి మీడియా ఫీచర్ ప్యాక్ వేసి రీస్టార్ట్ చేస్తే అన్నీ వచ్చేసినాయి.

మీ పాటలు, వీడియోలు ఎక్కడికీ పోలేదు, భయపడొద్దండి, పోయింది ప్లేయర్ మాత్రమే. సొంతంగా వేసుకోగలిగితే విండోస్ 10లో స్టార్ట్ దగ్గర "టర్న్ విండోస్ ఫీచర్స్" అని సెర్చ్ కొట్టి, మీడియా ఫీచర్స్ కింద విండోస్ మీడియా ప్లేయర్‌కి టిక్ పెట్టి ఓకే చేసి రీస్టార్ట్ చేయండి. విండోస్ 11లో పాతదాని పేరు విండోస్ మీడియా ప్లేయర్ లెగసీ, ఉత్త మీడియా ప్లేయర్ అని కనపడేది కొత్త యాప్, రెండూ ఒకటి కాదు. వీఎల్‌సీ తీయనక్కర్లే, రెండూ పక్కపక్కనే ఉంటాయి, డబుల్ క్లిక్ చేస్తే ఏది ఓపెన్ కావాలో డిఫాల్ట్ యాప్స్‌లో మీరే పెట్టుకోవచ్చు.

చేసుకోలేనోళ్ళు షాపుకి తెచ్చేయండి, పది పదిహేను నిమిషాల పని, ఒక్క రూపాయి తీసుకోను. ఇకమీదట ఏదైనా తీసేముందు ఫోన్ చేసి అడుగుతా, ఏం తీసినా ఏం వేసినా బిల్లు వెనక తెలుగులో రాసి ఇస్తా. చిత్తూరు వాళ్ళు దీనికోసం బస్సెక్కి రావద్దు, వచ్చే బుధవారం నేనే అక్కడికి వస్తా ఉండా, మేడమ్ వాళ్ళ స్కూల్ పని చూసుకుని మీ ఇళ్ళకి కూడా వస్తా, ముందు రోజు సాయంత్రంలోపల ఒక మెసేజ్ పెట్టండి, ఛార్జర్ మాత్రం దగ్గర పెట్టుకోండి.