ఖాదర్‌కి, ఆ రెండు సీట్ల బండి గురించి

కడప,
ఆదివారం

రేయ్ ఖాదర్,

నీ మెసేజ్ చూసి నవ్వొచ్చింది. డాలస్‌లో కూర్చుని, ఊరినిండా షోరూములు పెట్టుకుని, ఏ స్పోర్ట్స్ కారు కొనాలని కడపలో పాత స్విఫ్ట్ తోలుకునే నన్ను అడుగుతావా! అడిగినావు కాబట్టి చెప్తా. ఫోన్‌లో మాట్లాడితే నీ పిల్లోళ్లు నాలుగు మాటలు కూడా సాగనివ్వరు, అందుకే రాస్తున్నా. పొడుగైతే తిట్టుకోవద్దు. టీ పెట్టుకుని తీరిగ్గా చదువు.

నువ్వు పంపిన ఫొటోలు రెండూ చూసినా. ఒకటి 2018 ఫోర్డ్ మస్టాంగ్ జీటీ, ఐదు లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజను), 460 హార్స్‌పవర్. ఇంకోటి 2019 మాజ్డా మియాటా, రెండు లీటర్ల ఇంజను, 181 హార్స్‌పవర్, సీట్లు రెండే. కింద నీ ప్రశ్న: సగం పవర్ కూడా లేని ఈ బుడ్డదాన్ని బుద్ధున్నోడెవడైనా కొంటాడా అని.

కొంటారు రా. 2016లోనే పదిలక్షల మియాటా ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చింది. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో అంత ఎక్కువగా అమ్ముడుపోయింది ఇంకోటి లేదు. పికప్ కోసమే అయితే వాళ్లంతా ఇది ఎందుకు కొంటారు? ఇప్పుడు ఎలక్ట్రిక్ ఫ్యామిలీ కార్లే నాలుగు సెకన్లలోపు వంద అందుకుంటున్నాయి, వెనక పిల్లలు, డిక్కీలో బియ్యం మూట ఉండగానే. అందులో నువ్వు చేసేది ఏముంది? కాలు తొక్కడం, సీటుకు అతుక్కుపోవడం. మొదటిసారి అబ్బా అంటావు. నెల తిరిగేసరికి మామూలైపోతుంది. డ్రైవింగ్ పిచ్చి ఉన్నోళ్లకు కావలసింది వేరే. చేత్తో, కాలితో తాను చేసే ప్రతి చిన్న పనికీ బండి అక్కడికక్కడే బదులు చెప్పాల, బాగా చేస్తే ఒకలా, మొరటుగా చేస్తే ఇంకోలా. నాకు తెలిసి స్పోర్ట్స్ కారు మీద మోజంతా ఈ ఒక్కదాంట్లోనే ఉంది. మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే.

ముందు బరువు సంగతి చూడు. ఆ మస్టాంగ్ 1,680 కిలోలు. మియాటా 1,060 చిల్లర. 600 కిలోల పైన తేడా. పవర్ ఎక్కువ ఉంటే నేరు రోడ్డు మీద పరుగెత్తుతావు, అంతే. బరువు తక్కువ ఉంటే బ్రేకులోనూ లాభమే, మలుపులోనూ లాభమే, టైర్లకూ లాభమే. లోటస్ కంపెనీ పెట్టిన కొలిన్ చాప్‌మన్ జీవితమంతా పట్టుకుని వేలాడింది ఈ లెక్కనే. ఆయన పోయిన చాన్నాళ్లకు, 1996లో వచ్చిన లోటస్ ఎలీజ్ చూడు: బరువు 725 కిలోల దగ్గర, పవర్ 118. ఇంజను మామూలు రోవర్ కార్లలో వాడేదే. అయినా దాన్ని తోలినోళ్లు ఇప్పటికీ దాని పేరు చెప్తే కళ్లు పెద్దవి చేస్తారు.

'బరువు ఎక్కువుంటే టైరు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది కదా' అని నువ్వు అంటావని తెలుసు, టెన్త్‌లో కూడా ఫిజిక్స్ సారుతో ఇట్లే వాదించేటోడివి. పట్టుకుంటుంది, నిజమే. కానీ బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, అంతకన్నా తక్కువే పెరుగుతుంది. బండిని మలుపు తిప్పడానికి కావలసిన బలం మాత్రం బరువు పెరిగినంతా పెరుగుతుంది. అందుకే బరువు బండికి వెడల్పు టైర్లు, పెద్ద బ్రేకులు, గట్టి స్ప్రింగులు కావాలి. అవన్నీ పెడితే మళ్లీ బరువే. అప్పులోడు వడ్డీ కట్టడానికి ఇంకో అప్పు చేసినట్టు.

ఇంకో సంగతి వింటే నమ్మవు. 2012లో టొయోటా, సుబారు కలిసి 86 అనే చిన్న స్పోర్ట్స్ కారు తెచ్చినాయి. దానికి తగిలించిన టైర్లు ప్రియస్‌కు కూడా ఇచ్చే రకమే! మైలేజీ బండి టైర్లు స్పోర్ట్స్ కారుకేంది అని అందరూ నోరెళ్లబెట్టినారు. అది పిసినారితనం కాదు, కావాలని చేసిన పని. దాని చీఫ్ ఇంజనీరు టెత్సుయా టాడా లెక్క ఏందంటే, పట్టు మరీ ఎక్కువైతే బండి ఎప్పుడు జారుతుందో తెలుసుకోవడానికి నువ్వు ప్రాణం మీదికి తెచ్చుకునే స్పీడులో పోవాల. పట్టు కొంచెం తక్కువుంటే, మామూలు స్పీడులోనే టైరు నీకు 'ఇంక చాలు' అని చెప్తుంది. నాకైతే ఈ ఒక్క నిర్ణయం చూస్తే చాలు, ఆ బండి తయారుచేసినోళ్లకు తోలడమంటే ఏందో తెలుసని.

మన గువ్వలచెరువు ఘాట్ గుర్తుందా? మొన్న రాయచోటికి పెండ్లికి పోతూ తెల్లవారుజామున ఎక్కినా. లారీలు తక్కువ, కొండ మీద ఇంకా చల్లగా ఉంది. నేనేమీ ఉరికించలేదులే. ఆ ఘాట్‌లో ఉరికిస్తే ఏమవుతుందో రోడ్డు పక్క చూస్తేనే తెలుస్తుంది. నింపాదిగా పోతూనే ఒకటి గమనించు. మలుపుకు ముందు బ్రేకు తొక్కితే బరువంతా ముందు టైర్ల మీదికొస్తుంది, ముక్కు కిందికి వంగుతుంది. ఆ బరువు ఇంకా ముందే ఉన్నప్పుడు స్టీరింగ్ తిప్పితే బండి చకచకా లోపలికి తిరుగుతుంది. బ్రేకు పూర్తిగా వదిలేసి, ముక్కు పైకి లేచినాక తిప్పితే అదే బండి బద్ధకంగా బయటికి పోతుంది. స్టీరింగ్ తిప్పింది అంతే, టైర్లు అవే. మారిందల్లా బరువు ఏ టైరు మీద ఉందనేదే. నా స్విఫ్ట్‌లోనే ఇంత తెలుస్తుంటే, దీనికోసమే కట్టిన బండిలో ఎంత తెలియాల?

మియాటాలో ఇంజను ముందున్నా కొంచెం వెనక్కి జరిపి పెట్టినారు. ముందు టైర్ల మీద, వెనక టైర్ల మీద బరువు సగం సగం దగ్గరగా పడుతుంది. నా స్విఫ్ట్‌లో ముందు టైర్లే బండిని లాగాల, అవే తిప్పాల. మియాటాలో తిప్పడం ముందువాటి పని, తోయడం వెనకవాటి పని. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ కొంచెం వదిలితే ముక్కు లోపలికి వస్తుంది, కొంచెం నొక్కితే బయటికి పోతుంది. అంటే కాలితో కూడా స్టీరింగ్ తిప్పొచ్చన్నమాట. ఈ ముక్క అర్థమైనోడు ఇంక ఫ్రంట్ వీల్ బండిని ఊరికి పోయి రావడానికే వాడుకుంటాడు.

స్టీరింగ్ గురించి ఈ పిచ్చోళ్లు చేసే గొడవ ఇంతా అంతా కాదు. నూనె ఒత్తిడితో పనిచేసే పాత హైడ్రాలిక్ స్టీరింగ్‌లో రోడ్డు గరుకుదనం, టైరు పట్టు తగ్గడం అరచేతికి తెలిసేది. ఎలక్ట్రిక్ స్టీరింగ్ వచ్చినాక పెట్రోలు మిగిలింది, పార్కింగ్ సులువైంది, ఆ కబురు మాత్రం పల్చబడింది. 2011లో పోర్షే 911కి ఎలక్ట్రిక్ స్టీరింగ్ పెడితే దాని అభిమానులు ఏదో ఆస్తి పోయినట్టు బాధపడినారు. ఇంజను వెనక టైర్లకు అవతల వేలాడదీసి 1963 నుంచీ అదే పద్ధతి పట్టుకున్న బండి అది. వెనక అంత బరువు పెట్టుకుని తిరిగే దాంట్లో, ముందు టైర్లు ఏమంటున్నాయో చేతికి తెలియడం సోకు కాదు, అవసరం. ఇప్పుడొచ్చే ఎలక్ట్రిక్ స్టీరింగులు బాగుపడినాయిలే. అయినా నువ్వు తోలి చూసేటప్పుడు దీని మీద ఒక కన్నేసి ఉంచు.

మా బామ్మర్ది చెన్నైలో ఉంటాడు కదా, వాళ్ల ఆఫీసులో ఒకాయనకు మొదటి రకం పోర్షే బాక్‌స్టర్ ఉంది. ఇంజను సీట్ల వెనకే, బండి మధ్యలో. రెండున్నర లీటర్లు, 204 హార్స్‌పవర్, ఇప్పటి లెక్కల్లో పెద్దదేం కాదు. శ్రీపెరుంబుదూర్ దగ్గర ఇరుంగట్టుకోట్టైలో రేసుల ట్రాక్ ఉందే, 1990లో తెరిచింది, అక్కడ మామూలు జనం తమ బండ్లు తోలుకునే రోజుల్లో ఆయన నన్ను పక్క సీట్లో ఎక్కించుకున్నాడు. నేను రోడ్డు చూడలేదు రా, ఆయన కాళ్లే చూస్తూ కూర్చున్నా. మలుపు వస్తుందనగా కుడి పాదం ముందు భాగంతో బ్రేకు తొక్కుతాడు. ఎడమ కాలు క్లచ్ మీద, చెయ్యి నాలుగో గేరు నుంచి మూడుకు. ఆ లోపలే, బ్రేకు వదలకుండా, అదే కుడి పాదం పక్కభాగాన్ని వంచి యాక్సిలరేటర్‌ను ఒక్క పోటు పొడుస్తాడు. వెనక ఇంజను 'వ్రూమ్' అంటుంది, క్లచ్ వదులుతాడు, బండి కొంచెం కూడా జర్కు ఇవ్వదు. ఆ పోటు లేకపోతే ఇంజను వేగానికీ చక్రాల వేగానికీ పొంతన కుదరక, వెనక టైర్లు ఒక్కసారిగా బిగుసుకుంటాయి. అప్పుడే మలుపు తిప్పుతుంటే బండి వెనక భాగం ముందుకొచ్చేస్తుంది. ఇదంతా అర సెకను పని. మనిషికి యాభై దాటినాయి, బట్టతల, మాటల్లో మెతక. ఆ అర సెకను బాగా కుదిరిన ప్రతిసారీ చిన్నపిల్లోడిలా పెదవి బిగించి నవ్వుకుంటున్నాడు. ఆటోమేటిక్ గేరు ఆ పని ఇంకా వేగంగా చేస్తుందని ఆయనకూ తెలుసు. తెలిసీ చేత్తోనే వేస్తాడు.

ఇంజను కూడా అంతే. టర్బో పెడితే పవర్ చవగ్గా వస్తుంది, కానీ ఇంజను వదిలే పొగ పోయి టర్బోలోని చక్రాన్ని తిప్పి, అది ఇంజనులోకి గాలి నింపేదాకా కొద్దిగా ఆలస్యం ఉంటుంది. ఇప్పటి టర్బోల్లో అది చాలా తగ్గిపోయింది, అయినా అడుగు ఎంత వేస్తే అంత పలికే ఇంజను రుచి వేరే. 1999లో వచ్చిన హోండా ఎస్2000 ఇంజను 9,000 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు) దాకా తిరిగేది, మోటార్‌సైకిల్ ఇంజను లాగా. కింద ఏమీ ఉండదు, పైకి తిప్పితేనే పవర్. అలాంటి బండి నీ చేత పని చేయించుకుంటుంది. మియాటా అంత పిచ్చిది కాదుగానీ 2019 నుంచి అదీ 7,500 దాకా పోతుంది, టర్బో లేదు. నువ్వు 2019దే చూసుకోవడం మంచిదైంది, దానికి ముందు ఏడాది అయితే 155 హార్స్‌పవరే.

మన దేశంలో కూడా ఒకడు ఈ ముచ్చట తీర్చబోయినాడు, నీకు తెలుసో లేదో. శాన్ స్టార్మ్ అని, గోవాలో తయారైంది, ఫైబర్ బాడీ, రెండు సీట్లు, 1,149 సీసీ రెనో ఇంజను, పవర్ 60 దగ్గర. జనం కొనలేదు. వర్షం, దుమ్ము, స్పీడ్ బ్రేకర్లు, ఇంట్లో ఆరుమంది, ఎవరు కొంటారు చెప్పు? అయినా ఆ కాలంలో అలాంటి బండి కట్టాలనుకోవడమే గొప్ప.

సరే, ఇబ్బందులు కూడా చెప్పాలి కదా, లేకుంటే రేపు చెల్లెమ్మ నన్ను తిడుతుంది. మియాటా డిక్కీ 130 లీటర్లు, రెండు బ్యాగులు పెడితే నిండిపోతుంది. హైవే మీద గాలి హోరు ఉంటుంది. నడుము నొప్పి ఉన్నోడికి ఎక్కడం దిగడం ఒక శిక్ష. ఇద్దరు పిల్లల్ని స్కూల్లో దింపాలంటే ఇంట్లో ఇంకో కారు ఉండి తీరాల. ఉంది కాబట్టే చెప్తున్నా, లేకపోతే ఈ ఉత్తరం ఇంతవరకు రాసేవాణ్ణే కాదు. మస్టాంగ్‌లో వెనక రెండు సీట్లున్నాయి, డిక్కీ ఉంది, ఆ వీ8 చప్పుడు కూడా నిజంగా బాగుంటుంది. నీకు డాలస్ నుంచి హ్యూస్టన్ దాకా నేరుగా పోయి రావడమే ఇష్టమైతే అదే తీసుకో, తప్పేం లేదు.

కానీ నీ సంగతి నాకు తెలుసు. డిగ్రీలో మీ నాయన బజాజ్ చేతక్‌ను పాలకొండల దారిలో ఏ గేరులో ఎక్కించాలో గంటల తరబడి వాదించినోడివి నువ్వు. నీకు మలుపులు కావాల. డాలస్ చుట్టూ చదునే, నిజమే. టెక్సాస్‌లోనే శాన్ ఆంటోనియో అవతల హిల్ కంట్రీలో లేకీ అనే ఊరి దగ్గర 335, 336, 337 నంబర్ రాంచ్ రోడ్లున్నాయి, మోటార్‌సైకిల్ వాళ్లు ట్విస్టెడ్ సిస్టర్స్ అంటారు. ఒక వీకెండ్ పెట్టుకో. అంత దూరం వద్దనుకుంటే ఆటోక్రాస్ చూడు. ఖాళీ పార్కింగ్ స్థలంలో కోన్లు పెట్టి, ఒక్కొక్క బండినే టైము కట్టి వదులుతారు. ఎస్‌సీసీఏ అనే స్పోర్ట్స్ కార్ల క్లబ్బు వాళ్లు నడుపుతారు. స్పీడు తక్కువ, గుద్దుకోవడానికి కోన్లు తప్ప ఏమీ ఉండవు. మియాటాలు అక్కడ కుప్పలుగా కనిపిస్తాయి. రోడ్డు మీద ఎవరికీ టెన్షన్ పెట్టకుండా నేర్చుకోవాలంటే అంతకన్నా మంచి చోటు లేదు.

తోలి చూడ్డానికి పోయినప్పుడు ఇంజను చల్లగా ఉండగానే స్టార్ట్ చేయమను, ముందే వేడి చేసి పెడితే అనుమానించు. చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు గరగర లేకుండా పడుతుందా చూడు. ఖాళీ రోడ్డు మీద బ్రేకు గట్టిగా తొక్కి స్టీరింగ్ పక్కకు లాగుతుందేమో గమనించు. పైకప్పు తీసి వేసి చూడు, అంచుల్లో తడి మరకలు ఉన్నాయేమో వేలితో తడుము. నాలుగు టైర్లూ ఒకే కంపెనీవా కాదా చూడు. టైరు పక్కన చివర నాలుగు అంకెలుంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని లెక్క. ఆ అంకెలు ఫొటో తీసి నాకు పంపు, డబ్బులు కట్టకముందే. రంజాన్‌కు వస్తావా రావా అది కూడా రాయి, వస్తే గువ్వలచెరువు పాలకోవా ఎన్ని కిలోలు కావాలో ఇప్పుడే చెప్పు, పోయినసారి లాగా ఎయిర్‌పోర్ట్ నుంచి ఫోన్ చేయకు. చెల్లెమ్మను, పిల్లల్ని అడిగినానని చెప్పు.

నీ
ప్రసాద్