ఆదివారం చిల్లర ప్యాకెట్లు విప్పుదాం

అందరికీ నమస్కారం. చిల్లర ప్యాకెట్లలో సేకరణకు పనికొచ్చే పాత నాణేలు వెతకడానికి ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు తిరుపతి ప్రకాశం పార్కులో కలుద్దాం.

ఒక్కొక్కరు బ్యాంకులో 2 రూపాయల నాణేలు వంద ఉన్న ప్యాకెట్ ఒకటి తీసుకుని, విప్పకుండా తెండి. కొత్తవి వద్దు, చెలామణిలో తిరిగినవే అడగండి. ఇచ్చేది 200 రూపాయలే.

‘ఎవరూ వెతకని నాణేల సంచి’ అంటూ ఎవరైనా ఎక్కువ ధర చెబితే దయచేసి కొనకండి. మంచివి ఏరేసుకుని మళ్లీ సీల్ వేయడం ఎంతసేపు? పైకి ఒకట్రెండు పాతవి కనిపించేలా పెట్టారంటే అనుమానించాల్సిందే.

1992–2004 నాటి పదకొండు అంచుల నాణెం దొరికితే దాని మీద సంవత్సరం అంకెల కింద ఉన్న గుర్తు చూడండి, ఏ టంకశాలలో ముద్రించారో తెలుస్తుంది. నక్షత్రం ఉంటే హైదరాబాద్, చుక్క నోయిడా, డైమండ్ ముంబై, ఏమీ లేకపోతే కోల్‌కతా.

చింతపండుతో మాత్రం తోమొద్దు, విలువ పోతుంది!

భూతద్దం మరవకండి. చిత్తూరు నుంచి వచ్చేవాళ్లు శుక్రవారంలోగా ఇక్కడే పేరు పెట్టండి, ఒకే కారులో రావచ్చు.